చీకటి గదిలో జ్యోతి ప్రజ్వలన

నాగావళి విశ్వవిద్యాలయంలో దీపం వెలిగించకుండా ఏ పనీ మొదలుకాదు. కొత్త భవనానికి వెలిగిస్తారు, పాత భవనానికి సున్నం వేసినా వెలిగిస్తారు. హాస్టల్లో గీజర్లు బిగించినప్పుడు వెలిగించారు. అగ్నిప్రమాదాల నివారణ వారోత్సవాన్ని కూడా ఏడు వత్తుల ఇత్తడి దీపంతోనే ప్రారంభించారు. ఆ రోజు ఉపకులపతిగారి ఉత్తరీయం అంటుకోవడంతో మంటలార్పే యంత్రాల ప్రదర్శన అనుకున్న దానికంటే రక్తి కట్టింది. కాబట్టి జంతుశాస్త్ర విభాగంలో చీకటి గది తయారైందని తెలియగానే, దాన్ని జ్యోతి ప్రజ్వలనతో ప్రారంభించాలని పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. అందులో ఇబ్బంది ఏముందో ఎవరికీ తోచలేదు, ఒక్క వకుళకు తప్ప.

వకుళ ఆ విభాగంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ, ఆరేళ్ళుగా ఈగలను పెంచుతోంది. మామూలు ఈగలు కావు. అరటిపండు కాస్త మగ్గగానే ఎక్కడినుంచో వచ్చి మూగుతాయే, ఆ నలకంత ఈగలు. వాటికీ మనలాగే ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో అదే చెబుతుంది. అయితే వెలుతురు ఉన్నంతసేపు ఆ గడియారం అసలు నడక బయటపడదు. ఎండలో ఉన్నప్పుడు ప్రతి ఈగా సూర్యుడి మాటే వింటుంది. పది రోజులపాటు చిమ్మచీకట్లో, ఎవరూ తలుపు తియ్యకుండా ఉంచితే అప్పుడు తెలుస్తుంది ఎవరి గడియారం ఎలా నడుస్తోందో.

వకుళ అడిగింది ఆ పది రోజుల చీకటే. మార్చి నెలాఖరులోగా ఫలితం పంపితే ఢిల్లీవాళ్ళు ప్రాజెక్టును ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారు. పంపకపోతే ప్రాజెక్టు మూసేస్తారు, ఆమె ఉద్యోగం పోతుంది, ఆరేళ్ళ ఈగల వంశాలు సబ్బునీళ్ళలో పోతాయి. ఉద్యోగం పోవడం గురించి ఆలోచిస్తే ఆమెకు దిగులేసేది. ఆ సబ్బునీళ్ళు తలుచుకుంటే మాత్రం నిజంగా ఏడుపొచ్చేది.

దీపం సంగతి మాట్లాడదామని ఆమె రెజిస్ట్రారు పానకాలరావుగారి దగ్గరికి వెళ్ళింది. పానకాలరావుగారు విశ్వవిద్యాలయపు ఇత్తడి ముద్రను ఎవరికీ ఇవ్వరు. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు. భోజనానికి కూర్చున్నా అది విస్తరి పక్కనే ఉంటుంది.

"ఇంతకీ ఈ కైనేజ్ ఎవరమ్మా? ఏ దేశపాయన?" అన్నారాయన ఆమె దరఖాస్తు తిరగేస్తూ.

"మనిషి కాదు సార్, ఒక ఎంజైము. మీలాంటిదే అనుకోండి."

ఆయన దరఖాస్తు కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఈగ మెదడులో ఒక ప్రొటీన్ పోగవుతూ ఉంటుంది సార్, మీ బల్ల మీద ఫైళ్ళలాగా. కైనేజ్ వచ్చి దానిమీద ఫాస్ఫేటు ముద్రలు వేస్తుంది. సరిపడా ముద్రలు పడ్డ ప్రొటీన్ చెత్తబుట్టలోకి పోతుంది. అది పోయాకే కొత్త రోజు మొదలవుతుంది."

పానకాలరావుగారు జేబులోని ముద్రను ఆప్యాయంగా తడుముకున్నారు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ముద్ర వెయ్యడం గురించి ఇంత గౌరవంగా మాట్లాడినవాళ్ళు లేరమ్మా. సరే, ముద్ర వేసేవాడు చురుకైనవాడైతే?"

"రోజు పొట్టిదవుతుంది. అలాంటి ఈగలు నా దగ్గరున్నాయి. ఇరవై గంటలకే వాటికి రోజు అయిపోతుందని నా నమ్మకం. అది రుజువు చెయ్యడానికే ఈ చీకటి."

"నిదానస్తుడైతే?"

"రోజు సాగుతుంది."

"అసలు వెయ్యకపోతే?"

వకుళ ఆయన బల్ల మీద గుట్టగా ఉన్న ఫైళ్ళవైపు చూసింది. "రోజు గడవదు సార్."

ఆయన మెచ్చుకోలుగా తలూపారు. ఆ చనువుతో వకుళ అసలు విషయం కదిపింది. ప్రారంభోత్సవం తేదీ రెండుసార్లు వాయిదా పడింది కాబట్టి, ఈలోగా ఊరుకోలేక నాలుగు రోజుల క్రితమే ఈగలను లోపల పెట్టింది. రేపు దీపం మాత్రం గది బయట వెలిగిస్తే చాలు.

"బయట వెలిగిస్తే బయట ప్రారంభమవుతుంది. లోపల ఎలా అవుతుందమ్మా?" అన్నారు పానకాలరావుగారు. "అయినా ఒక్క దీపానికి ఏమవుతుంది?"

"వాటికి తెల్లారిపోతుంది సార్."

"తెల్లారితే మంచిదేగా! శుభం!" అని ఆయన ఆమె దరఖాస్తు మీద ముద్ర కొట్టి, ప్రారంభోత్సవాల ఫైల్లో పడేశారు.

మర్నాడు ఉపకులపతి ఆచార్య విశ్వపతిగారు మేళతాళాలతో వచ్చారు. ఆయన సాధారణంగా మాట్లాడరు, ఉపన్యసిస్తారు. గుమ్మం మీద 'చీకటి గది' అన్న బోర్డు చూసి అక్కడే ఆగిపోయారు.

"'వెలుగే విద్య' అన్నది ఈ విద్యాలయపు ధ్యేయవాక్యం. ఈ ప్రాంగణంలో చీకటి అనే పదమా? మన వైరులు దీన్ని ఏ విధంగా వినియోగించుకొందురో ఊహించితిరా?"

అప్పటికప్పుడు పేరు మార్చారు. చీకటి గది 'అప్రకాశిత ప్రకాశ మందిరం' అయింది. వకుళ చివరి ప్రయత్నంగా, ఈగల కంటికి ఆనని ఎర్ర బల్బు ఒకటి ఉందనీ, దాని స్విచ్చి నొక్కితే ప్రారంభం అయినట్టే కదా అనీ అంది.

"శుభకార్యమునకు ఎర్ర బల్బా? ఇది ఆపరేషన్ థియేటరు కాదమ్మా" అన్నారు విశ్వపతిగారు.

దీపం వెలిగింది. ఆయన ఒక వత్తి, ఆయన శ్రీమతి ఒక వత్తి, రెజిస్ట్రారు ఒక వత్తి, తక్కినవాళ్ళు ఇంకో మూడు. ఫోటోలు తీశారు. చీకటి గదిలో కదా అని ఫ్లాష్ కొట్టి మరీ తీశారు. గాజుగొట్టాల్లో నిద్రపోతున్న ఈగలన్నీ ఒక్కసారిగా లేచి, తెల్లారిందనుకుని ఒళ్ళు దులుపుకున్నాయి. ఐదు రోజుల ప్రయోగం అక్కడితో తెల్లారింది. వకుళ ఫోటోలో మూడో వరుసలో పడింది. నవ్వమన్నారు, నవ్వింది.

మళ్ళీ మొదలుపెట్టింది. విభాగంలో పనిచేసే ఎర్నమ్మ బొంబాయి రవ్వ, బెల్లం, ఈస్టు కలిపి ఈగలకు మేత ఉడికించి పెట్టింది. ఆ వాసనకు పక్క విభాగాల ప్రొఫెసర్లు వరండాలో కాసేపు నిలబడి, ఎవరింట్లో శుభకార్యమని అడిగి వెళ్ళేవారు. ఐదు రోజులు గడిచాయి. ఆరోనాడు ఇంజినీరింగు విభాగం నుంచి ముగ్గురు వచ్చారు. మందిరంలో చీకటి నిబంధనల ప్రకారం ఉందని ధ్రువీకరిస్తేగాని నిర్మాణపు పనులు పూర్తయినట్టు కాదు.

"చీకటి ఉందండీ. నేను చెబుతున్నాను కదా" అంది వకుళ తలుపుకు అడ్డంగా నిలబడి.

"మీరు చెబితే ఎలా మేడం? మేం కంటితో చూసి రాయాలి" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

లోపలికి వెళ్ళి, తలుపేసుకుని, ఏమీ కనబడటం లేదని టార్చిలైటు వేశారు. నాలుగు మూలలా వేసి చూశారు. 'పరిశీలించిన మేరకు చీకటి సంతృప్తికరంగా ఉన్నది' అని ఆ వెలుతుర్లోనే రాసి, సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు.

"ఏటమ్మా ఇది? సీకటిని సూడ్డానికి లైటేసుకుని ఎల్తారేటి ఎవులైనా?" అంది ఎర్నమ్మ నోరు నొక్కుకుని.

మూడోసారి మొదలుపెట్టిన రెండు రోజులకు పాలకమండలి సభ్యులు కోరాడ భద్రయ్యగారు వచ్చారు. ఆయనకు ఊళ్ళో రెండు రైసు మిల్లులు, ఒక కల్యాణ మండపం ఉన్నాయి. ప్రారంభోత్సవం నాడు ఆయన కారు దార్లో చెడిపోయింది. ఆయన రానందువల్ల ఏడు వత్తుల్లో ఒకటి వెలగకుండా ఉండిపోయింది.

"నా ఒత్తి నాను ఎలిగించుకోవాల కదమ్మా. ఎలిగించకపోతే నా పేరెలాగుంటాది ఆ ఓపినింగు రాయి మీద?" అన్నారాయన. మనిషి మర్యాదస్తుడు. ఈగలకు ఇబ్బందేమో అని కూడా అడిగారు. వకుళ అవునని చెప్పేలోగా వెలిగించేశారు.

ఆ మధ్యాహ్నం వకుళ గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ కేలండరు చూసింది. ఇంక ఒక్కసారికే వ్యవధి ఉంది. సెలవు పెట్టి గదికి అడ్డంగా పడుకోవాలా, తాళం మింగెయ్యాలా అని ఆలోచిస్తూ కిటికీలోంచి చూస్తే వరండా చివర పాత టైపు యంత్రాల గది కనబడింది. తొమ్మిదేళ్ళ కిందట ఒక టైపు యంత్రం ఎవరిది అన్న తగాదా వచ్చి, దాని మీద విచారణ కమిటీ వేసి, ఆ గదికి లక్కతో సీలు వేశారు. కమిటీ ఇంకా విచారిస్తోంది. ఈ తొమ్మిదేళ్ళలో ఆ తలుపు దగ్గరికి ఒక్క మనిషి పోలేదు. దారిన పోయేవాళ్ళు కూడా విచారణకు పిలుస్తారేమోనని పక్కకు తప్పుకుని పోతారు. ఏ ఉపకులపతీ అక్కడ దీపం వెలిగిస్తానని అనలేదు.

వకుళ ముఖం కడుక్కుని, పానకాలరావుగారి దగ్గరికి వెళ్ళింది. ఆమె ఫిర్యాదేమీ చెయ్యలేదు. ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, శిలాఫలకం మీద ఉపకులపతిగారి పేరు పైన ఉండాలా, భద్రయ్యగారి పేరు పైన ఉండాలా? చివరి వత్తి వెలిగించాకే కదా దీపం పూర్తయింది?"

నాగావళి విశ్వవిద్యాలయంలో ఆ మాత్రం ప్రశ్న చాలు. సాయంత్రానికి ఉపకులపతివర్గం, భద్రయ్యవర్గం ఏర్పడ్డాయి. మర్నాటికి రెండు వర్గాలూ కరపత్రాలు వేశాయి. ఆ మర్నాడు విచారణ కమిటీ పడింది. నివేదిక వచ్చేదాకా మందిరంలో యథాతథ స్థితి పాటించాలనీ, పురుగు కూడా లోపలికి పోరాదనీ, ఉన్న పురుగు బయటికి రారాదనీ ఉత్తర్వులు వెలువడ్డాయి.

సీలు వెయ్యడానికి పానకాలరావుగారు స్వయంగా వచ్చారు. అప్పటికి వకుళ కొత్త ఈగలను గొట్టాల్లో సర్ది, ఎర్నమ్మ ఉడికించిన మేత నింపి, లోపల పెట్టేసింది. ఈగ అటూ ఇటూ నడిచినప్పుడల్లా లెక్కపెట్టే పరికరం నుంచి ఒక తీగ తలుపు కిందుగా ఆమె గదిలోని కంప్యూటరుకు వచ్చింది.

"ఈ తీగ ఏమిటమ్మా?"

"లోపల యథాతథ స్థితి ఉందో లేదో ఎప్పటికప్పుడు చెబుతుంది సార్."

"బాగుంది, బాగుంది" అని ఆయన లక్క కరిగించి, ముద్ర నొక్కారు. తలుపు సందులకు అడ్డంగా కూడా లక్క పోశారు. వకుళకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

ఇంత చక్కని చీకటి ఈగలకు ఎన్నడూ దొరకలేదు. కంప్యూటరు తెర మీద గీతలు రోజురోజుకూ బారులు తీరాయి. కైనేజ్ మారని ఈగలు, లోపల సూర్యుడు లేకపోయినా, ఇంచుమించు ఇరవైనాలుగు గంటలకొకసారి లేస్తున్నాయి. కైనేజ్ మారిన ఈగలు మాత్రం ప్రతి రోజూ నాలుగు గంటలు ముందే లేచి కూర్చుంటున్నాయి. ఒకనాడు తెల్లవారుజామున, మర్నాడు నడిరాత్రి, ఆ తర్వాత ఇంకా ముందు. వకుళ ఆనందం పట్టలేక ఎర్నమ్మను పిలిచి చూపించింది.

"మా ఆడపడుసు కూడా ఇంతేనమ్మా. కోడి కుయ్యకముందే నెగిసిపోయి అందర్నీ నేపేత్తాది. దానికీ ఈ కైనేజీయే అయ్యుంటాది" అంది ఎర్నమ్మ.

ఆరోనాడు పిడుగు పడింది. విచారణ కమిటీ త్వరపడింది. ఈ విశ్వవిద్యాలయం పుట్టాక ఒక కమిటీ త్వరపడటం అదే మొదలు. లోపలి దీపపు కుందెను స్వయంగా చూసి, ఏ వత్తి ఏ దిక్కున ఉందో తేల్చుకుందామని పానకాలరావుగారు చాకు పట్టుకుని, వెనక ఇద్దరు సభ్యులతో తలుపు దగ్గరికి వచ్చేశారు. చాకు మొన లక్క మీద ఆనింది కూడా.

వకుళ తన గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. బతిమాలితే వినరు, సైన్సు చెబితే అసలే వినరు. నోటికి ఏది వస్తే అది అనేసింది.

"సార్, మీ కమిటీకి జ్యోతి ప్రజ్వలన అయిందా?"

చాకు ఆగిపోయింది. పానకాలరావుగారు సభ్యులవైపు చూశారు. సభ్యులు ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. కమిటీ మొదటి సమావేశానికి దీపం వెలిగించలేదు. తొందరలో అందరూ మరిచిపోయారు.

"అంటే కమిటీ ఇంకా ప్రారంభం కానట్టేనా?" అన్నాడు ఒక సభ్యుడు నీరసంగా.

"ప్రారంభం కాని కమిటీ సీలు విప్పితే రేపు ఆడిట్‌లో నా ఉద్యోగానికే ఎసరు" అని పానకాలరావుగారు చాకు మడిచి జేబులో పెట్టుకున్నారు. దీపం వెలిగించాలంటే ఉపకులపతిగారు కావాలి. ఆయన కాలపాలన మీద అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు, ఇంకో వారానికిగాని రారు. తన కొంప రెండుసార్లు ముంచిన దీపానికి వకుళ ఆ సాయంత్రం మనసులోనే నమస్కారం చేసుకుంది.

పది రోజులు నిండాయి. ఫలితం వెళ్ళింది. ఢిల్లీ నుంచి పొడిగింపు వచ్చింది. దాంతోపాటు, ఇంత నిరాటంకమైన చీకటి దేశంలో ఏ ప్రయోగశాలలోనూ చూడలేదని ఒక ప్రశంస కూడా వచ్చింది. ఆ ముక్క ఉపకులపతిగారిని తాకింది. వకుళను పిలిపించారు.

"ఈ విజయమునకు మూలకారణమేమి?"

వకుళ సంతోషంలో ఉంది. మనిషి సంతోషంలో ఉన్నప్పుడు నిజం బయటికొచ్చేస్తుంది. "సీలు వేశారు కదా సార్, ఎవరూ రాలేదు. అందుకే ఫలితం వచ్చింది."

విశ్వపతిగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఉత్తర్వు తయారైంది. 'సీలువేయబడిన ప్రయోగశాలయే ఫలితము నిచ్చునని శాస్త్రీయముగా రుజువైనందున, విశ్వవిద్యాలయములోని సకల ప్రయోగశాలలను, గ్రంథాలయమును, తరగతి గదులను పది దినములపాటు సీలువేయవలెను. ఫలితములు రానిచో మరల వేయవలెను.'

వకుళ తిరిగి తన గదికి చేరేసరికి ఎర్నమ్మ ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, పానకాలరావు బాబు లక్క డబ్బా అట్టుకుని వొచ్చేత్తన్నాడు. ముందు మన గదికేనట! మన గది బోణీ అంట!"

బల్ల మీద వరసగా సీసాలు. వాటిలో ఆరేళ్ళ వంశాలు. గొట్టంలో ఒంటరి ఈగల్లా కాదు, ఇవి సీసా నిండా పిల్లాపాపలతో ఉంటాయి కాబట్టి వీటికి వారానికొకసారి మేత మార్చాలి, పొద్దున్నే దీపాలు వెలగాలి, సాయంత్రం ఆరాలి. పది రోజులు సీలు పడితే ఒక్కటి మిగలదు. సబ్బునీళ్ళు తప్పాయని సంబరపడితే ఇప్పుడు లక్క వచ్చింది. తన నోరే కొంప ముంచిందని వకుళ తలుపు చెక్కను గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలేసి, మళ్ళీ ఉపకులపతిగారి గదికి ఉరికింది. ఈసారి నిజం చెప్పలేదు. ప్రశ్న అడిగింది.

"సార్, మొదటి సీలు ఈగల గదికట. పరిపాలన భవనానికి ఈగల తర్వాతనా?"

"ఈగల తర్వాతనా?" అన్నారు విశ్వపతిగారు కుర్చీలోంచి లేచి.

"అదే సార్, వరసలో ఎవరు ముందు అని. అయినా మీకు ఫలితాలు అక్కర్లేదేమో!"

అరగంటలో ఉత్తర్వు సవరణ అయింది. మర్యాద ప్రకారం మొట్టమొదటి సీలు పరిపాలన భవనానికి పడుతుంది, తక్కినవి ఆ తర్వాత. శాస్త్రం ప్రకారం ఈగలు లోపల లేకుండా ఫలితం రాలేదు కాబట్టి ఉపకులపతిగారితో సహా అధికారులు కూడా లోపలే ఉండాలి. పది రోజులకు సరిపడా రవ్వ, బెల్లం లోపలికి పంపారు. భద్రయ్యగారు తన మిల్లు నుంచి రెండు బస్తాల సన్నబియ్యం కూడా పంపించి, వత్తి తగాదాను పెద్దమనసుతో మరిచిపోయారు. నడవాలో వకుళ ఈగల పరికరాన్ని, కాస్త పెద్దది చేసి, అమర్చింది. తీగ తలుపు కిందుగా బయటికి లాగింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. దీపం వెలిగించారు, ఆర్పారు. ఎవరూ బయట ఉండకూడదు కాబట్టి పానకాలరావుగారు తలుపును లోపలి నుంచే మూసి, లోపలి నుంచే లక్క పోసి, ముద్ర కొట్టారు.

"ముద్ర పడింది సార్! ఇక కొత్త రోజే!" అని ఆయన కేక బయటికి వినిపించింది. ముద్ర పడ్డది ఎక్కడికి పోతుందని వకుళ చెప్పిందో, అది ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఇత్తడి ముద్ర ఆయన జేబులోనే ఉండిపోయింది. విశ్వవిద్యాలయానికి అది ఒక్కటే ముద్ర. కాబట్టి తక్కిన గదులకు సీలు వేసే దారి లేకపోయింది. లైబ్రరీ తెరిచే ఉంది. ప్రయోగశాలలు నడిచాయి. ప్రారంభోత్సవాలు లేవు, పరిశీలనలు లేవు, వివరణ కోరే నోటీసులు లేవు. నాలుగు నెలలుగా నిలిచిపోయిన పరీక్షల మూల్యాంకనం ఆ వారంలో పూర్తయింది.

తీగ చివర కంప్యూటరు తెర మీద మాత్రం గీత కదల్లేదు. ఉదయం లేదు, సాయంత్రం లేదు, ఇరవై గంటలూ లేదు, ఇరవైనాలుగూ లేదు. టీ వేళకు కూడా చలనం లేకపోయేసరికి వకుళకు భయం వేసింది. పదకొండోనాడు పొద్దున్నే ఎర్నమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది.

"సార్! పది రోజులు అయిపోయాయి. సీలు తీసి వచ్చేస్తారా?"

లోపల ఏదో కుర్చీ కిర్రుమంది. తర్వాత పానకాలరావుగారి గొంతు, నిద్రమత్తుగా, కానీ నిబ్బరంగా వినబడింది.

"సీలు విప్పడం మీద కమిటీ వేశామమ్మా. పరిశీలనలో ఉంది."

"ఏటంతన్నాడమ్మా బాబు?" అంది ఎర్నమ్మ.

"బాగానే ఉన్నారట" అంది వకుళ.

ఆమె తన గదికి వెళ్ళి, సీసాల వరుస ముందు నిలబడి, స్విచ్చి నొక్కింది. ఈగలకు తెల్లారింది.